ముంబైలో ఫర్నిష్డ్ స్టూడియో: ఆరు నెలల లాక్-ఇన్‌కు సంతకం పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 27. మాది రాజమండ్రి. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు కంపెనీ ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ)లోని ఆఫీసుకు ట్రాన్స్‌ఫర్ చేసింది. జూన్ 15న చేరాలి. కనీసం ఏడాది అక్కడే ఉండాలి. అంధేరీ ఈస్ట్‌లో మరోల్ దగ్గర ఒక కార్పొరేట్ స్టూడియో అపార్ట్‌మెంట్ ఉందని హెచ్ఆర్ వాళ్ళు ఫొటోలు పంపారు. మంచం, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వైఫై, రోజు విడిచి రోజు క్లీనింగ్ అన్నీ ఉన్నాయి. నెలకు 62,000, దానిపై జీఎస్టీ. రెండు నెలల డిపాజిట్, ఆరు నెలల లాక్-ఇన్, అంటే అప్పటిదాకా ఖాళీ చేయకూడదు. మొదటి నెల కంపెనీ భరిస్తుంది, తర్వాత నేనే కట్టుకోవాలి. అక్కడే పనిచేసే కొలీగ్ మాత్రం తన బిల్డింగ్‌లో ఫర్నిష్డ్ వన్ ఆర్‌కే (ఒక గది, వంటగది) 38,000కు ఖాళీగా ఉందని, డిపాజిట్ లక్షన్నర, బ్రోకర్‌కు ఒక నెల అద్దె అని చెబుతోంది. నాన్న పీజీ చాలంటున్నారు. అమ్మ వచ్చి నెల రోజులు ఉంటానంటోంది. ఒక్కదాన్నే ఇల్లు తీసుకోవడం ఇదే మొదటిసారి. చాలా టెన్షన్‌గా ఉంది. స్టూడియోకు సంతకం పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం:

స్టూడియోలో దిగండి. కానీ ఆరు నెలల లాక్-ఇన్ మీద సంతకం పెట్టకండి. రెండు నెలలకు మాట్లాడుకోండి. మొదటిది కంపెనీ కడుతుంది, రెండోది మీరు కడతారు. ఆ రెండు నెలల్లో మీ కొలీగ్ చెప్పిన ఇల్లో, అలాంటిదే ఇంకోటో నింపాదిగా చూసుకుని, పద్ధతిగా కాగితాలు రాయించుకుని మారిపోండి. నా సలహా ఇదే. ఎందుకో, ఎలాగో చెబుతాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో కాస్త భయం కనిపిస్తోంది, ఆ భయంలో కొంత ఈ లెక్క తేలక వచ్చిందే అనుకుంటున్నాను. స్టూడియో 62,000 మీద 5 శాతం జీఎస్టీ వేసుకుంటే నెలకు 65,100. పదకొండు నెలలకు 7,16,100. కొలీగ్ చెప్పిన ఇంటికి పదకొండు నెలల అద్దె 4,18,000. బ్రోకర్‌కు 38,000. కరెంటు, వైఫై, పనిమనిషి కలిపి నెలకు ఆరు వేలనుకుంటే 66,000. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఒక మూడున్నర వేలు. అంతా కలిపితే 5,25,500. తేడా లక్షా తొంభై వేల పైచిలుకు. మీకు స్టూడియో ఇచ్చేది కొత్త ఊళ్లో అడుగుపెట్టిన రోజునే పరుపు, ఫ్రిజ్, వైఫై సిద్ధంగా ఉండే సౌకర్యం. మొదటి రెండు నెలలు దానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. మూడో నెల నుంచి మీకు ఆ సౌకర్యంతో పనుండదు, బిల్లు మాత్రం అలాగే వస్తుంది.

జీఎస్టీ గురించి ఒక మాట. రోజుకు 7,500 లోపు ఉండే వసతికి 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. మీకు వచ్చిన కోట్‌లో 12 అని ఉంటే అది పాత కాగితం, మార్చి పంపమనండి. 18 అని వేస్తే ఏ లెక్కన వేశారో మెయిల్‌లో అడగండి. మామూలు ఇల్లు, మామూలు యజమాని దగ్గర మీరు ఉండటానికి మీ పేరున తీసుకుంటే జీఎస్టీయే లేదు. అందుకే రెండు అద్దెలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు పన్నుతో కలిపి చూడండి.

ఇప్పుడు అసలైన విషయం. "మొదటి నెల కంపెనీ భరిస్తుంది" అన్నారు. ఆ ముక్క నమ్మి వదిలేయకండి. కంపెనీ ఇచ్చిన వసతిని ఆదాయపు పన్ను వాళ్ళు జీతంలో భాగంగా చూస్తారు. ఎంత కలుపుతారన్నది ఆ వసతిని కాగితం మీద ఏమని రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ తన పేరున అద్దెకు తీసుకుని మీకిచ్చిన ఇల్లయితే, మీ జీతంలో 10 శాతం, కంపెనీ కట్టిన అద్దె, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది కలుపుతారు. ఫర్నిచర్‌కు విడిగా ఇంకొంత. అదే వసతి హోటల్ కిందకి వస్తే లెక్క మారిపోతుంది. జీతంలో 24 శాతం, అసలు బిల్లు, ఈ రెండిట్లో తక్కువది కలుపుతారు. లైసెన్సు ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లను, గెస్ట్‌హౌస్‌లను ఈ నిబంధన హోటల్‌తోనే జమ కడుతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు 15 రోజుల వరకు మినహాయింపు ఉంది. మిగతా 15 రోజుల బిల్లు మీ జీతానికి కలవొచ్చు.

అంటే కంపెనీ ఉచితంగా ఇచ్చిందనుకున్న నెలకు మీ పేస్లిప్‌లో కొంత పన్ను కోత పడుతుంది. అది చూసి కంగారు పడకూడదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఇవాళే హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: మొదటి నెల వసతిని పేరోల్‌లో ఏ పద్దు కింద చూపిస్తారు, 15 రోజుల మినహాయింపు ఇస్తారా, పడే పన్నును కంపెనీ భరిస్తుందా. చాలా కంపెనీలు అడిగిన వాళ్ళకు ఏదో ఒక సర్దుబాటు చేస్తాయి. జవాబు మాత్రం రాతలోనే తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట మార్చిలో ఎవరికీ గుర్తుండదు.

రెండో నెల నుంచి మీరే కడతారు కాబట్టి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) ప్రశ్న వస్తుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే హెచ్ఆర్ఏ మినహాయింపే లేదు, ఈ పేరా వదిలేయొచ్చు. పాత విధానంలో ఉంటే ముంబైకి బేసిక్ జీతంలో 50 శాతం వరకు లెక్కలోకి వస్తుంది. పేరోల్ వాళ్ళు అద్దె రసీదులు అడుగుతారు, ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ కూడా అడుగుతారు. స్టూడియోను నడిపే ఆపరేటర్ ఇచ్చే ఇన్‌వాయిస్‌లో అద్దె, క్లీనింగ్, వైఫై అన్నీ ఒకే మొత్తంగా ఉంటే దాన్ని అద్దె కింద ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. విడివిడిగా రాసి ఇవ్వమంటే ఆపరేటర్లు ఇస్తారు, కాకపోతే మనం అడగాలి. ఇంకో మాట, నెలకు 50,000 దాటిన అద్దె మీరు కడుతుంటే అందులో 2 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెకున్న వాళ్ళదే. 38,000 ఇంటికి ఈ తలనొప్పి లేదు.

లాక్-ఇన్ సంగతికి వద్దాం. ఆరు నెలల లాక్-ఇన్ అంటే నాలుగో నెలలో మీరు ఉద్యోగం మారినా, కంపెనీ మిమ్మల్ని వెనక్కి పిలిచినా, గది నచ్చక వెళ్లిపోయినా మిగిలిన నెలల డబ్బు అడుగుతారు, లేదా డిపాజిట్ పట్టేసుకుంటారు. మీరు ఒక్కరే ఫోన్ చేసి తగ్గించమంటే కుదరదంటారు. హెచ్ఆర్ చేత అడిగించండి. వాళ్ళు ఆ ఆపరేటర్‌కు ఏడాదికి ఎంతోమందిని పంపుతుంటారు, వాళ్ళ మాటకు విలువుంటుంది. మొదటి నెల బుకింగ్ కంపెనీ పేరునే ఉండనివ్వండి. రెండో నెల అదే రేటుకు పొడిగింపు, ఆ తర్వాత 15 రోజుల నోటీసుతో ఖాళీ చేసే వీలు, ఇవి రాయించమనండి. దానికి ఒప్పుకోకపోతే నెలకు నాలుగైదు వేలు ఎక్కువైనా సరే, లాక్-ఇన్ లేని చోటు చూడమనండి. రెండు నెలలకు ఆ ఎక్కువ పది వేలు దాటదు. లాక్-ఇన్‌లో ఇరుక్కుంటే పోయేది లక్షల్లో ఉంటుంది.

ఆపరేటర్‌ను తప్పకుండా అడగాల్సింది ఒకటుంది, దాదాపు ఎవరూ అడగరు. ఆ గది వాళ్ళ సొంతమా, ఎవరి దగ్గరైనా తీసుకుని నడుపుతున్నారా? చాలా స్టూడియోలు రెండో రకమే. ఫ్లాట్ యజమాని ఆపరేటర్‌కు ఇస్తాడు, ఆపరేటర్ సామాను వేసి మనకిస్తాడు. అలాంటప్పుడు యజమానికీ ఆపరేటర్‌కూ మధ్య ఒప్పందం ఎప్పటి వరకు ఉందో, వేరే వాళ్ళకు ఇచ్చుకునే హక్కు అందులో రాసి ఉందో లేదో చూపించమనండి. మామూలు హౌసింగ్ సొసైటీలో ఉన్న ఫ్లాటయితే సొసైటీకి తెలుసా అని కూడా అడగండి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇలాగే ఒక స్టూడియోలో దిగింది. రెండో వారంలో సొసైటీ వాళ్ళు వాచ్‌మన్‌కు చెప్పి లిఫ్ట్ కార్డు పనిచేయకుండా చేశారు. ఆపరేటర్‌తో వాళ్ళ గొడవ వాళ్ళది, సూట్‌కేసు మోస్తూ ఏడంతస్తులు ఎక్కింది మాత్రం ఆ పిల్ల. బిల్డింగ్ మొత్తం సర్వీస్ అపార్ట్‌మెంట్లుగానే నడిచే చోట ఈ బాధ ఉండదు.

చోటు విషయంలో మీ హెచ్ఆర్ వాళ్ళు మంచి పని చేశారు. మరోల్ నాకా నుంచి బీకేసీకి మెట్రో ఆక్వా లైన్ నేరుగా ఉంది, భూగర్భంలో వెళుతుంది. ఆ ముక్క 2024 అక్టోబర్‌లో మొదలైంది. మీరు చేరేది జూన్ 15న. ముంబైలో వానలు మామూలుగా జూన్ 11 ప్రాంతంలో మొదలవుతాయి. అంటే మీ మొదటి ఆఫీసు రోజు వానలోనే. అంధేరీ సబ్‌వే ఏటా నీళ్లు నిండి మూసేసే చోటు. ఈస్ట్ నుంచి వెస్ట్‌కు రోడ్డు మీద వెళ్లాలంటే ఆ రోజుల్లో నరకం. మీకు రోడ్డుతో పని లేకుండా మెట్రో ఉంది కాబట్టి స్టూడియో అయినా, తర్వాత తీసుకునే ఇల్లయినా స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉండేలా చూసుకోండి. బ్రోకర్ "ఫైవ్ మినిట్స్" అంటాడు. నడిచి చూడండి, అదీ ఆఫీసుకు బయల్దేరే టైములో.

నేల అంతస్తు వద్దు. పోవై నుంచి సాకీనాకా, కుర్లా మీదుగా బీకేసీ పక్కనుంచి మాహిమ్ దగ్గర సముద్రంలో కలిసే మిఠీ నది ఈ ప్రాంతాల గుండానే పోతుంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు మునిగిన చోట్లలో ఈ నది ఒడ్డు ఇళ్ళు చాలా ఉన్నాయి. అంత వాన మళ్ళీ రాకపోవచ్చు, మోకాలి లోతు నీళ్లు మాత్రం మామూలే. చుట్టుపక్కల కిరాణా కొట్టు వాళ్ళను అడగండి, ఏ సందులో నీళ్లు నిలుస్తాయో బ్రోకర్ కంటే వాళ్ళకు బాగా తెలుసు.

గది ఫొటోల్లో బావుంటుంది. వీడియో కాల్‌లో చూపించమనండి, ఎవరైనా గదిలో ఉండి మీరు చెప్పినట్టు చేయాలి. బాత్రూమ్ కుళాయి తిప్పమనండి, ఫ్లష్ నొక్కమనండి, ఏసీ వేసి పది నిమిషాలు ఆగమనండి. బీరువా తలుపు తీసి లోపలి వెనక చెక్క చూపించమనండి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ముంబైలో గాలి తడిగా ఉంటుంది. కిటికీ సరిగ్గా లేని స్టూడియోలో బీరువా వెనక చెక్క మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది బూజు. ఆ గదిలో పట్టుచీర కూడా నెలకు ముక్కిన వాసన వస్తుంది. బట్టలు ఎక్కడ ఆరేస్తారో అడగండి. బాల్కనీ లేకపోతే ఒక్క గదిలో, మంచం పక్కన తడి బట్టల మధ్య పడుకోవాలి. డ్రయర్ ఉన్న వాషింగ్ మెషీన్ ఉంటే మంచిది, లేకపోతే ఫ్యాన్ కింద పెట్టుకునే స్టాండ్ అయినా ఇవ్వాలి.

వంట గురించి మీరు ఏమీ రాయలేదు. అమ్మగారు వస్తారంటున్నారు కాబట్టి నేనే చెబుతున్నాను. చాలా స్టూడియోల్లో వంటగది అంటే గోడ పక్కన ఒక గట్టు, ఒక ఇండక్షన్ స్టవ్, ఒక మైక్రోవేవ్. గ్యాస్ ఉండదు. మన అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి గిన్నెలు ఇండక్షన్ మీద పనిచేయవు. అడుగు ఇండక్షన్‌కు సరిపోయే కుక్కర్ ఒకటి, స్టీలు గిన్నెలు రెండు తీసుకెళ్ళండి. మిక్సీ ఉంటుందని అనుకోకండి. పైన ఎగ్జాస్ట్ ఉందా, ఉంటే పొగ బయటికి పోతుందా, లేక అక్కడక్కడే తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుందా అని అడగండి. రెండో రకమైతే ఎండుమిర్చి, ఇంగువ వేసి తాలింపు పెట్టిన ప్రతిసారీ ఆ ఘాటు నాలుగు అడుగుల దూరంలోని దిండుకు పడుతుంది, పైన ఉన్న స్మోక్ డిటెక్టర్ మోగుతుంది. కొన్ని చోట్ల "లైట్ కుకింగ్ ఓన్లీ" అని ఒప్పందంలోనే రాస్తారు. చేపల పులుసు వండుకునే ఇంటి పిల్లలైతే ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. తర్వాత తీసుకునే ఇంటికి కూడా ఇది వర్తిస్తుంది. ముంబైలో కొన్ని సొసైటీల్లో నాన్‌వెజ్ వండితే ఒప్పుకోరు. మొహమాటపడకుండా బ్రోకర్‌ను మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.

"అన్నీ కలిపి" అన్న మాటలో కరెంటుకు హద్దు ఉంటుంది. నెలకు ఇన్ని యూనిట్ల వరకే ఉచితం, ఆ పైన యూనిట్‌కు ఇంత అని. ఏసీ వేసుకుని పడుకునే అలవాటుంటే ఆ హద్దు ఎంతో, పైన రేటెంతో తెలుసుకోండి. మీటర్ రీడింగ్ దిగిన రోజున మీ ఫోన్‌లో ఫొటో తీయండి.

దిగిన రోజున ఇంకో పని చేయండి, ఇది డిపాజిట్ కోసం. లోపలికి సామాను పెట్టే ముందు గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆగకుండా ఒకే వీడియో తీయండి. సోఫా మీద మరకలు, పరుపు ఎత్తి కింద భాగం, బాత్రూమ్ టైల్స్ పగుళ్లు, ఫ్రిజ్ తలుపు రబ్బరు, రిమోట్లు, గ్లాసులు, ప్లేట్లు. ఆపరేటర్ ఇచ్చే ఇన్వెంటరీ కాగితంలో "స్పూన్లు 6, గ్లాసులు 4, బెడ్‌షీట్లు 2" అని ఉంటుంది. లెక్కపెట్టి, తేడా ఉంటే ఆ కాగితం మీదే పెన్నుతో రాసి, ఫొటో తీసి, అదే రోజు మెయిల్ చేయండి. వెళ్లేటప్పుడు "డీప్ క్లీనింగ్" అని, "పెయింట్ టచ్-అప్" అని డిపాజిట్‌లో కోస్తారు. ఏ ఖర్చు ఎంత కోస్తారో, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి వేస్తారో ఒప్పందంలో లేకపోతే రాయించండి. అసలు మీరు కంపెనీ బుకింగ్ మీద దిగుతున్నారు కాబట్టి డిపాజిట్ కంపెనీ పెట్టాలని అడగడం న్యాయం. 1,24,000 మీ జేబులోంచి పోతే కొలీగ్ చెప్పిన ఇంటికి కట్టాల్సిన లక్షన్నర అదే నెలలో ఎక్కడి నుంచి తెస్తారు? రెండు డిపాజిట్లు ఒకేసారి ఇరుక్కుపోవడం ఈ ఇల్లు మారే సమయంలో అందరికీ ఎదురయ్యే కష్టం. హెచ్ఆర్‌తో ఈ విషయం గట్టిగా మాట్లాడండి.

ఇక రెండో ఇంటి కాగితాలు. మన దగ్గర పదకొండు నెలలకు స్టాంప్ పేపర్ మీద రాసుకుని సంతకాలు పెడితే పనైపోయిందనుకుంటాం. మహారాష్ట్రలో అలా కుదరదు. అక్కడ అద్దె ఒప్పందాన్ని లీవ్ అండ్ లైసెన్స్ అంటారు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అది రాతలో ఉండాలి, ఎన్ని నెలలకైనా రిజిస్టర్ అయి తీరాలి. రిజిస్టర్ చేయించే బాధ్యత యజమానిది. చేయించకపోతే శిక్ష ఆయనకే, పైగా షరతుల మీద తగాదా వస్తే వేరే రుజువు లేనంత వరకు అద్దెకున్న వాళ్ళ మాటే చెల్లుతుంది. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఎందుకు, నోటరీ చాలు" అనే బ్రోకర్ మాట వినకండి. ఖర్చు కూడా తక్కువే. స్టాంప్ డ్యూటీ మొత్తం అద్దె మీద, డిపాజిట్‌కు ఏడాదికి 10 శాతం వడ్డీ వేసి దాని మీద, 0.25 శాతం. 38,000 ఇంటికి, లక్షన్నర డిపాజిట్‌కు అది పదకొండు వందల దగ్గర తేలుతుంది. నగరంలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. ఆధార్, వేలిముద్రలతో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఏజెంటు మెషీన్ పట్టుకుని ఇంటికే వస్తాడు, దానికి కొంత తీసుకుంటాడు. పని పూర్తయ్యాక రిజిస్టర్ అయిన కాపీతో పాటు ఇండెక్స్-2 అనే కాగితం అడిగి తీసుకోండి. గ్యాస్ కనెక్షన్‌కు, బ్యాంకుకు, ఆధార్‌లో చిరునామా మార్పుకు ఈ ఒప్పందమే పనికొస్తుంది. స్టూడియో ఇన్‌వాయిస్‌తో ఆ పనులు కావు, ఏడాది స్టూడియోలో ఉండొద్దనడానికి నాకు ఇదీ ఒక కారణం.

అదే చట్టంలో మనకు ఎదురు తిరిగే నిబంధన కూడా ఉంది. గడువు అయిపోయాక ఖాళీ చేయకపోతే అద్దెకు రెట్టింపు నష్టపరిహారం కట్టాలి. గడువుకు నెలన్నర ముందే పొడిగింపు మాట్లాడుకోండి. అద్దెకు దిగిన వాళ్ళ వివరాలు పోలీసులకు ఇవ్వడం యజమాని పని. ఆన్‌లైన్‌లో ఇచ్చిన రసీదు మీకూ ఒకటి పంపమనండి, కొన్ని సొసైటీల గేటు దగ్గర అదే అడుగుతారు.

ఇల్లు కళ్ళతో చూడకుండా టోకెన్ పంపకండి. యజమాని ఆర్మీలో ఉన్నానని, ఊళ్ళో లేనని, గేట్ పాస్ కోసం ఐదు వేలు వేయమని అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు వస్తుందని చెప్పి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అది మోసమే. డబ్బు రావడానికి స్కాన్ చేసి పిన్ కొట్టే అవసరం ఎక్కడా ఉండదు. చూడటానికి వెళ్లేటప్పుడు కొలీగ్‌ను తోడు తీసుకెళ్ళండి. ఆమె అదే బిల్డింగ్‌లో ఉండటం మీకు ఎంత మేలో చెప్పలేను. నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి, లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగిపోతుంది, సెక్రటరీ ఎలాంటివాడు, ఇవన్నీ ఆమెకు తెలుసు. యజమాని పేరున ఉన్న కరెంటు బిల్లో, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లో చూసి, డిపాజిట్ ఆ పేరున్న ఖాతాకే వేయండి. గది ఎన్ని చదరపు అడుగులని అడిగినప్పుడు కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి చోటు, ఎంతని అడగండి. బిల్టప్, సూపర్ బిల్టప్ లెక్క చెబితే గోడలూ మెట్లూ కూడా మన నెత్తినేస్తారు.

నాన్నగారి పీజీ మాటను కొట్టేయకండి. నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే పీజీకి జీఎస్టీ కూడా లేదు, డిపాజిట్ చిన్నది, తోడు ఉంటుంది. కొత్త ఊళ్లో మాట్లాడటానికి మనుషులుండటం తక్కువ విషయం కాదు. కానీ మీకు 27 ఏళ్లు, నాలుగేళ్లుగా సంపాదిస్తున్నారు, సొంతంగా ఒక గది కావాలని అనిపించడంలో తప్పేమీ లేదు. పైగా పీజీలో అమ్మగారిని నెల రోజులు ఉంచుకోవడం కుదరదు. నాన్నగారికి పైన రాసిన లెక్క చూపించండి. 65,100 విని ఆయన భయపడి ఉంటారు. కొలీగ్ పక్కనే ఉందని, ఇల్లు రిజిస్టర్ అవుతుందని తెలిస్తే చాలావరకు కుదుటపడతారు.

అమ్మగారి సంగతి. స్టూడియోలో ఆవిడ నెల రోజులు ఉండొచ్చో లేదో ఒప్పందంలో అతిథుల నిబంధన చూడండి. చాలా చోట్ల రెండో మనిషికి రోజుకు ఇంతని వేస్తారు, ఐడీ ముందే ఇవ్వమంటారు. కానీ నా అసలు అభ్యంతరం అది కాదు. మీరు ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తారు. ఆ పదకొండు గంటలు ఆవిడ వానలో, భాష రాని చోట, మంచం, టీవీ తప్ప ఏమీ లేని ఒక్క గదిలో ఉండాలి. మీ కొలీగ్ వాళ్ళ బిల్డింగ్ లాంటి చోటైతే కింద నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు, కూరగాయల బండి వస్తుంది. ఆవిడను ఆదివారం మాటుంగా తీసుకెళ్ళండి. కింగ్స్ సర్కిల్ చుట్టుపక్కల దక్షిణాది కొట్లలో అరటాకులు, మునక్కాడలు, ఫిల్టర్ కాఫీ పొడి, మల్లెపూల మాలలు అన్నీ దొరుకుతాయి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది, అక్కడ జరిగే కార్యక్రమాలకు వెళితే తెలుగు మాట చెవిన పడుతుంది, మీకూ నలుగురు పరిచయమవుతారు.

కాబట్టి ఆవిడ టికెట్ ఆగస్టు చివరి వారానికి తీయించండి. అప్పటికి మీరు రెండో ఇంట్లో దిగి వారమైనా అయి ఉంటుంది, వానల ఉద్ధృతి కాస్త తగ్గుతుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కితే మధ్యలో బండి మారే పని లేకుండా ముంబైలో దిగొచ్చు. వచ్చేటప్పుడు ఇండక్షన్‌కు సరిపడే కుక్కర్ మీ దగ్గర ఉందని ముందే చెప్పండి. లేకపోతే ఇంట్లో ఉన్న పెద్ద అల్యూమినియం కుక్కర్ మోసుకొస్తారు.